నలభై పరిచయాలు, ఒక మట్టి సీసా

మా ప్రహరీ పిన్ని మా ఆవిడతో అన్న మాటలు ఇవట: "అమ్మాయీ, చెప్పకూడదు గానీ చెప్పకుండా ఉండలేను. మీ ఆయన వరండాలో కూర్చుని 'నాకు పంతొమ్మిదేళ్లు, డాన్సంటే ప్రాణం, మీ అందరితో స్నేహం చేయాలని ఉంది' అని ఎవరికో రాస్తున్నాడు. ఈ చెవులతో విన్నాను."

పిన్ని అంటే చుట్టం కాదు, పక్కింటావిడ. రోజూ గడ్డం ఆనించి ఆనించి మా ప్రహరీగోడకు ఒకచోట సున్నం లేచిపోయింది.

ఆవిడ విన్నది నిజమే. పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్న నోరు నాది. ఏది టైపు చేసినా పైకి చదవందే వేలు కదలదు.

"యాభై రెండేళ్లకి డాన్సేమిటండీ? కింద కూర్చుంటే గోడ పట్టుకుని గానీ లేవలేరు," అంది మా ఆవిడ.

"అది నేను కాదే! మా మూడో బెంచీ అమ్మాయి."

ఈ జవాబు మరింత ప్రమాదకరమని అనేశాక గానీ తట్టలేదు. ఆ పూట నా కంచం టేబుల్ మీద పెట్టిన చప్పుడుకి పిన్ని మళ్లీ గోడ దగ్గరికొచ్చింది.

అసలు సంగతి చెబుతాను, వినండి. మా కాలేజీలో కంప్యూటర్ల గది ఒకటుంది. దానిమీద ఆటల మాస్టారి కన్ను పడింది. మేమంతా ఆయన్ని ఈలాయన అంటాం. మెడలో ఈల తీయకుండానే భోంచేస్తాడు. ఆ గదిలో ఈటెలు, చాపలు దాచుకుంటానని ప్రిన్సిపాల్ చెవిలో ఊదేశాడు.

ప్రిన్సిపాల్ నన్ను పిలిచారు. "మాస్టారూ, ఎవరైనా చేరగలిగే ఆన్‌లైన్ కోర్సులున్నాయి కదా. శనివారం నేనొచ్చేసరికి మీ క్లాసులో నలభై మందీ ఆ గదిలో ఒక కోర్సు మొదలుపెట్టి కనబడితే గది మీది. లేదా ఈటెలది."

మట్టి గురించిన కోర్సు ఒకటి ఎంచుకున్నాను. ఉపన్యాసం తయారుచేసి ముందు మా ఆవిడ దగ్గర వల్లించాను. "ఏ వయసు వారైనా, ఏ ఇంట్లో ఉన్నవారైనా, పైసా కట్టకుండా ఎంతో పెద్ద ప్రొఫెసరు దగ్గర నేర్చుకోవచ్చు!" ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ "ఊఁ" అంది.

మర్నాడు క్లాసులో అదే ఉపన్యాసం చేతులూపుతూ దంచాను.

"సార్, పరీక్షలో వస్తుందా?" అని వెనక బెంచీ.

"రాదు."

నలభై తలలూ ఒక్కసారిగా ఫోన్లలోకి వాలిపోయాయి.

అప్పుడు వేశాను పథకం. హాజరు పట్టీ ఇంటికి తెచ్చి, అందరి పేర్లతో, ఫోన్ నంబర్లతో నేనే ఖాతాలు తెరిచాను. అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టి అదే బోర్డు మీద రాసేశాను. అంతటితో సరిపోతుందనుకున్నాను గానీ సరిపోలేదు. చేరిన ప్రతివాళ్లూ చర్చా పేజీలో "నేనెవరు, ఎందుకొచ్చాను" అని నాలుగు ముక్కలు రాస్తేనే మొదటి పాఠం తెరుచుకుంటుంది. సరే, అదీ నేనే రాసేద్దామని వరండాలో కూర్చున్నాను.

మొదటి పది పరిచయాలు గుర్రంలా పరిగెత్తాయి. డాన్సు, క్రికెట్టు, పాటలు. పదకొండోదానికి ఊహ ఎండిపోయింది. ఇక చేతిలో ఉన్న అనుభవం తీద్దామంటే నాకున్నదల్లా ఒక్క కాపురమే. "నేను ఇంట్లో నోరెత్తను." "కూరలో ఉప్పెక్కువైందని అనే హక్కు నాకు లేదు." "పెళ్లయి పాతికేళ్లయింది, గురక ఇంకా అలవాటు కాలేదు." ఇలా ముప్ఫై మంది పసివాళ్ల నెత్తిన నా సంసారం దించి, హాయిగా నీళ్లు తాగుదామని వంటింట్లోకి వెళ్లాను.

కిటికీలో గాజుసీసా నిండా బురదనీళ్లు!

"ఏమిటే ఈ మురికి? ట్యాంకు కడిగించాలి," అంటూ పారబోయబోయాను.

"కదిపారంటే ఊరుకోను! పొద్దుట్నించీ తేరుకుంటోంది," అని సీసాకి అడ్డం నిలబడింది. ఆడవాళ్ల సంగతి మనకెందుకని ఊరుకున్నాను.

శుక్రవారం క్లాసులో అడుగుపెట్టేసరికి తిరణాల. ఎవరో "వంటింటి విద్యార్థిని" అట, నలభై పరిచయాలకూ విడివిడిగా జవాబులు రాసింది. జవాబు వచ్చిందని ప్రతివాడి ఫోనుకీ కబురందింది.

"సార్, నాకు పెళ్లెప్పుడైంది సార్?" అని పంతొమ్మిదేళ్ల కుర్రాడు.

"నాకూ ఉందట సార్ మా ఆవిడ!" అని ఒకమ్మాయి.

వాడికొచ్చిన జవాబు వాడే గట్టిగా చదివాడు. "నాయనా, పుట్టకముందే పెళ్లి చేసుకున్నావంటే గట్టివాడివే. ఉప్పెక్కువైతే రేపట్నించి గరిటె నువ్వే పట్టు. గురక ఎవరిదో ఒకసారి ఫోన్లో రికార్డు చేసుకుని విను."

నా చెవులు వేడెక్కాయి. ఆ గరిటె నాకు తెలుసు.

చివర్లో అందరికీ కలిపి ఒకే మాట రాసింది: "మీ పరిచయం మీరే రాసుకుందురుగాని, సాయంత్రం మీ మాస్టారింటికి రండి."

సాయంత్రానికి మా గుమ్మంలో నలభై జతల చెప్పులు. పిన్ని గోడ మీద మోచేతులు కూడా పెట్టేసింది.

"మీరు లోపలికెళ్లి కాఫీ కలపండి," అంది మా ఆవిడ.

"నలభై మందికా?"

"నలభై ఒకటి. నేనూ విద్యార్థినినే."

వంటింట్లో పాలు పొంగుతున్నాయి, హాల్లో పిల్లలు పొంగుతున్నారు. "ఎందుకొచ్చావమ్మా? అదే రాయి," అని ఆవిడ ఒక్కొక్కరినీ అడుగుతోంది. ఎప్పుడూ నోరు విప్పని ఒకమ్మాయి గొంతు వినిపించింది. "మా నాన్న బావులు తవ్వుతాడండీ. మట్టి చేత్తో నలిపి, ఎక్కడ రాయి తగులుతుందో చెప్పేస్తాడు. ఎలాగని అడిగితే చెప్పడం రాదంటాడు. అది నేను నేర్చుకుని ఆయనకే చెప్పాలండీ."

హాలంతా చప్పట్లు. నేనూ గరిటె పట్టుకునే కొట్టాను, చొక్కా నిండా కాఫీ.

శనివారం కంప్యూటర్ల గది చూడాలి మీరు! నలభై మందీ కుర్చీల అంచున కూర్చుని "నాది మూడు పొరలు!", "నాది అంతా ఇసకేరా!" అని కేకలు. ప్రతివాడి ముందూ ఒక గాజుసీసా, సీసా నిండా బురదనీళ్లు. గుమ్మంలో ఈలాయన ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు.

ప్రిన్సిపాల్ ఉబ్బితబ్బిబ్బయ్యారు. "శభాష్ మాస్టారూ! గది మీదే! ఇంత మందిని ఎలా కదిలించారు?"

"ఏదో, నా ఉపన్యాసం..." అని కాలరు సర్దుకున్నాను.

ఆయన ఒక సీసా ఎత్తి వెలుగులో పెట్టి చూశారు. "ఇంతకీ ఈ సీసాలేమిటి?"

నేను తడుముకోలేదు. "అదే సార్, మీతో చెబుదామనుకుంటున్నాను. నీళ్లు బొత్తిగా బాగోలేవు. ట్యాంకు కడిగించాలి."

బావులు తవ్వేవాళ్లమ్మాయి లేచి నిలబడింది.

"అది మొదటి పాఠం సార్. మట్టి నీళ్లలో కలిపి, తేరుకున్నాక పొరలు లెక్కపెట్టాలి. మా సార్ ఇంకా తెరవలేదు."