టబ్బు కింది గంగ

ఆదివారం పొద్దున ఫరీదా వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. కొడుకు అమాన్‌ను తీసుకుని ఏడు గంటల బస్సుకు లేపాక్షి పోవాలి. చెల్లెలు ఆరీఫా బిడ్డకు పేరు పెట్టే వేడుక దగ్గరుండి చూసుకోవాలి. గురువారం సాయంత్రానికి రాప్తాడు తిరిగి వచ్చేయాలి. ఈలోగా వెనక గదిలోని పుట్టగొడుగుల టబ్బును ఆమె భర్త కలీముల్లా చూసుకుంటాడు. మొత్తం ఏర్పాటులో నమ్మకం తక్కువైన భాగం ఇదొక్కటే.

అది నీలం రంగు ప్లాస్టిక్ టబ్బు. చుట్టూ చిల్లులు, లోపల ఉడకబెట్టి ఆరబెట్టిన వరిగడ్డి, గడ్డిలో పుట్టగొడుగుల విత్తనం. మొదటి కాపు పోయిన వారమే వచ్చింది, వీధంతా కూర వండుకుని మెచ్చుకుంది. అయితే శిక్షణ ఇచ్చిన రూతు మేడం లెక్కలో మొదటి కాపుకు విలువ లేదు. శుక్రవారం ఆమె ఇల్లిల్లూ తిరిగి రెండో కాపు చూస్తుంది. అది బాగా వచ్చిన వాళ్లలో ఒకరిని పల్లెల్లో ఆడవాళ్లకు నేర్పడానికి ఎంచుకుంటుంది. పదో తరగతి దగ్గర చదువు ఆగిపోయిన ఫరీదాకు పదిమంది ముందు నిలబడి నాలుగు మాటలు చెప్పాలని ఎన్నాళ్లుగానో కోరిక. ఇంట్లో ఆమె ఏం చెప్పినా "ఊఁ" అనడమే తప్ప విన్నవాళ్లు లేరు.

"చూడు, దినానికి మూడు మార్లు ఈ స్ప్రే డబ్బాతో పైపైన చల్లల్ల. పోసేది కాదు, చల్లేది. మీద గోనెపట్ట కప్పి పెట్టల్ల. వెలుతురు తగలగూడదు. వింటాండావా?"

"ఊఁ" అన్నాడు కలీముల్లా. "పన్నెండేండ్ల నుంచి నీళ్ల ట్యాంకరు తోలుతాండా. నీళ్ల సంగతి నాకు చెప్తావా?"

ఆ మధ్యాహ్నం అతను గోనెపట్ట ఎత్తి, చెప్పినట్టే స్ప్రే కొట్టాడు. ఆ తుంపర చూస్తే కోడిపిల్లకు ముఖం కడిగినట్టు అనిపించింది. బయట మే నెల ఎండ. లోపల నోరు లేని గడ్డి. అతనికి జాలేసింది. ట్యాంకరు అడుగున మిగిలిన నీళ్లు మూడు బిందెలకు పట్టి టబ్బులో కుమ్మరించాడు. కాసేపటికి వచ్చి చూస్తే నేల మీద చుక్క లేదు. చిల్లుల్లోంచి కారిన నీళ్లన్నీ మూలనున్న బీటలోకి దిగిపోయిన సంగతి అతని కంట పడలేదు.

"ఎంత దప్పికతో ఉండాదో పాపం" అనుకుని, అప్పటి నుంచి పూటకు మూడు బిందెల చొప్పున పోశాడు.

ఆ మూల గోడ ఉమ్మడి గోడ. అవతల కుళ్లాయప్ప ఇల్లు. మంగళవారం పొద్దున కుళ్లాయప్ప భార్య లక్ష్మీదేవి శెనక్కాయ మూటలు జరిపి చూస్తే గోడ మొదలు జానెడు ఎత్తున తడిసి ఉంది. అడుగు మూట మెత్తబడి ఉంది.

మరో ఊరివాడైతే పక్కింటివాళ్లను తిట్టడానికి బయలుదేరేవాడు. కుళ్లాయప్ప చెప్పులు విడిచాడు. తన నాలుగెకరాల్లో మూడు బోర్లు వేయించి మూడింటిలోనూ దుమ్ము తప్ప ఏమీ చూడని మనిషి అతను. ఐదు రోజులకొకసారి కొళాయి వచ్చే వీధిలో, మే నెలలో, దానంతటదే తడిసిన గోడను చూసేసరికి అతని కళ్లు చెమర్చాయి. గోడకు పసుపు కుంకుమ పెట్టి, నీళ్ల జాడ చెప్పే లింగప్పను పిలిపించాడు.

లింగప్ప టెంకాయను అరచేతిలో పడుకోబెట్టుకుని ఇల్లంతా తిరిగాడు. గోడ దగ్గరికి రాగానే టెంకాయ నిటారుగా లేచి నిలబడింది.

"గంగ ఉండాది. అయితే ఈడ కాదు, గోడకు ఆ పక్క" అన్నాడు. "ఈ తడి దాని చెమట."

పది నిమిషాల్లో చెమట సంగతి వీధంతా తెలిసింది. పదిమంది వెంటరాగా కుళ్లాయప్ప వచ్చి కలీముల్లా గడప ముందు నిలబడ్డాడు. కలీముల్లాకు అప్పుడే నీళ్లు ఎక్కడికి పోయాయో కొంచెం కొంచెంగా అనుమానం వస్తోంది. మూట తడిసినందుకు కొట్లాటకు వచ్చారనుకుని వాకిలికి అడ్డం నిలబడ్డాడు.

"ఏమప్పా కలీమూ, మీ వెనక గది చూడల్ల."

"ఆడ ఏమీ లేదన్నా. వెలుతురు తగలగూడదు."

ఏమీ లేని గదికి వెలుతురు ఎందుకు తగలకూడదో వాళ్లకు అర్థం కాలేదు. లింగప్ప తల పంకించాడు. తనకు అర్థమైనట్టు.

"దాచొద్దప్పా" అన్నాడు కుళ్లాయప్ప, అతని చేతులు పట్టుకుని. "బోరు లారీకి చెప్పేసినా. బేస్తవారం వస్తాది. నీ గదిలోనే తోడుదాం. నీళ్లు చెరి సగం."

గదిలో బోరంటే గది పోతుంది, టబ్బు పోతుంది, ఫరీదా రెండో కాపు పోతుంది. ఇక దాచి లాభం లేదనుకున్నాడు కలీముల్లా.

"అన్నా, అది గంగ గాదు. నేను పోసిన నీళ్లు. పుట్టగొడుగులకు. దినానికి తొమ్మిది బిందెలు. నా బిడ్డ అమాన్ మీద ఒట్టు."

పదిమందీ ఒకేసారి నవ్వారు.

"దినానికి తొమ్మిది బిందెలు కుక్కగొడుగులకు పోసేటోడు అనంతపురం జిల్లాలో పుట్టినాడా?" అన్నాడు లింగప్ప. "ట్యాంకరు తోలేటోడప్పా ఈయప్ప. వీధిలో నీళ్లు పడితే ఈయప్ప బండిని ఎవురు పిలుస్తారు? అందుకే దాస్తాండాడు."

ఈ మాట అందరికీ నచ్చింది. కలీముల్లా దిక్కుతోచక లోపల మంచం మీదున్న తల్లి దాదాబీని పిలిచాడు. "అమ్మా, నువ్వన్నా చెప్పు!"

"నా మోకాళ్లకు ఆ గదికి పోయి నెలయింది నాయనా" అంది దాదాబీ. "ఆడ గంగ ఉండాదో యమున ఉండాదో నాకేం తెలుసు?"

చివరికి లక్ష్మీదేవి ముందుకు వచ్చింది. మాటలకంటే తాళాల మీద నమ్మకం ఉన్న మనిషి ఆమె. "ఎందుకప్పా గలాటా? గదికి నా తాళం వేస్తా. నీళ్లు నువ్వే పోసింటే, పోయకుంటే గోడ ఆరల్ల గదా. బేస్తవారానికి ఆరితే నీ మాట నిజం. ఆరకుంటే టబ్బు తీసేసి బోరు. సరేనా?"

ఒప్పుకుంటే టబ్బు నీళ్లు లేక ఎండిపోతుంది. ఒప్పుకోకపోతే టబ్బు ఉన్న చోట గుంత పడుతుంది. కలీముల్లా ఏడుపు ముఖంతో తలాడించాడు. తాళం పడింది.

గురువారం దాకా ఆ రెండు రోజులూ అతను బండి తీయలేదు. తాళం వేసిన తలుపు ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. బుధవారం ఫరీదా ఫోను చేసింది.

"టబ్బు ఎట్ల ఉండాది?"

"గది ముందరే కూర్చోనుండా. యాడికీ పోలేదు" అన్నాడు కలీముల్లా. అది నిజమే.

"నీళ్లు ఎక్కువ చేయొద్దు."

"ఇప్పుడైతే ఒక్క చుక్క గూడా పోయడం లేదు." అదీ నిజమే.

మొగుడిలో ఇంత శ్రద్ధ ఉందని ఇన్నేళ్లూ తెలియనందుకు ఫరీదా లేపాక్షిలో కళ్లు తుడుచుకుంది.

గురువారం సాయంత్రం బోరు లారీ వీధినంతా మూసేస్తూ వచ్చి ఆగింది. కుళ్లాయప్ప కలీముల్లాను వెంటబెట్టుకుని తన ఇంట్లోకి పోయి గోడ మీద అరచెయ్యి ఆనించాడు. పొడి మట్టి రాలింది. ఇంకోచోట ఆనించాడు. అక్కడా పొడే. చెయ్యి తీయకుండా అట్లాగే నిలబడిపోయాడు.

"మూడు బోర్లు పోయినప్పుడు గూడా ఇంత బాధ పడలేదప్పా" అన్నాడు. "ఈసారి గంగమ్మే ఇంటికి వచ్చిందనుకుంటి."

పందెం గెలిచిన కలీముల్లాకు ఆ మాట విన్నాక గెలిచినట్టే అనిపించలేదు. నిజంగా బాధేసింది. "తప్పు నాదేన్నా. క్షమించు" అన్నాడు.

లక్ష్మీదేవి తాళం తీసింది. ఎండిన గడ్డిని చూడటానికి సిద్ధపడి కలీముల్లా గోనెపట్ట ఎత్తాడు. ప్రతి చిల్లులోంచి గుత్తులు గుత్తులుగా, విసనకర్రల్లా విచ్చుకుని తెల్లటి పుట్టగొడుగులు. పీకల దాకా తాగిన గడ్డి, ఎవరూ ముట్టకుండా మూసిన చీకటి గదిలో రెండు రోజులు తన పని తాను చేసుకుపోయింది.

"ఈడ ఏదో ఉండాదని నేను చెప్పలేదా?" అన్నాడు లింగప్ప.

బస్సు దిగి వచ్చిన ఫరీదాకు ఇంటి ముందు బోరు లారీ, గదిలో వీధి జనం, టబ్బు నిండా కాపు ఒకేసారి కనిపించాయి. ఏమైందని అడిగితే పదిమందీ చెప్పారు. తొమ్మిది బిందెల దగ్గర ఆమె మొగుడి వైపు ఒక చూపు చూసింది. అతను దాదాబీ మంచం వెనక్కి జరిగాడు.

శుక్రవారం రూతు మేడం వచ్చింది. టబ్బు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇంత మంచి రెండో కాపు ఈ మండలంలో చూడలేదంది. తర్వాత నోటుపుస్తకం తీసింది.

"రెండు కాపుల నడుమ సాకేదే అసలు విద్య. ఈ టబ్బును ఈ వారం ఎవరు సాకినారు? వాళ్లనే నేర్పేదానికి తీసుకుంటా."

అబద్ధం ఆడటం ఫరీదాకు రాదు. "మేడం, నేను ఊర్లో..." అని మొదలుపెట్టింది.

"ఈమే మేడం!" అన్నాడు కలీముల్లా, మంచం వెనక నుంచి ఒక్క ఉదుటున ముందుకు వచ్చి. "లేపాక్షి నుంచి ఫోన్లో పూటపూటా చెప్పింది. నేను వట్టి చెయ్యి మాత్రమే. ఆమె చెప్పినదానికంటే ఒక్క చుక్క ఎక్కువ పోసినానేమో వీళ్లను అడగండి."

రూతు మేడం కాపు చూడటానికి వాకిట్లో చేరిన జనం వైపు తిరిగింది. కుళ్లాయప్ప గొంతు సవరించుకున్నాడు.

"నిజమేనమ్మా" అన్నాడు. "మాది ఉమ్మడి గోడ. ఒక్క చుక్క ఎక్కువ పడింటే మాకు తెలియదా?"

వెనకున్న పదిమందీ అవునవునన్నారు, రూతు మేడం నోటుపుస్తకంలో ఫరీదా పేరు రాసుకుంది.

మంగళవారం కలీముల్లా ఒట్టేసి చెప్పిన నిజాన్ని నమ్మని వీధి, శుక్రవారం అతని అబద్ధానికి ఒక్క గొంతుతో సాక్ష్యం చెప్పింది.