ఒక గుండు, రెండు చావులు

సరళ ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉప్మా చేసి ఇంట్లో అందరికీ పెట్టాలి. కొడుకు మిథున్‌కు పన్ను నొప్పి అని తోటికోడలు శైలజకు చెప్పాలి. జఫర్‌గఢ్‌లో బస్సెక్కి జనగామలో దిగాలి. పిల్లవాడి చేత ఇంటర్ సప్లిమెంటరీ ఫిజిక్స్ రాయించుకుని అన్నం వేళకు ఇంటికి వచ్చేయాలి. పన్ను సంగతి ఎవరైనా అడిగితే, డాక్టరు ఇంకొన్నాళ్లు ఉండనిమ్మన్నాడని చెప్పాలి. ఇందులో ఎవరూ చావవలసిన అవసరం లేదు.

మిథున్ పరీక్ష తప్పిన సంగతి ఆ ఇంట్లో తల్లికి తప్ప ఎవరికీ తెలియదు. ఫలితాలు వచ్చిన రోజు ఆమె భర్త వెంకట్రాం భూపాలపల్లి నుంచి ఫోన్ చేశాడు. ఆయన అక్కడ బొగ్గు గని ఆఫీసులో క్లర్కు, వారానికొకసారి ఇంటికొస్తాడు. “పాసయిండా?” అని అడిగాడు. ఆ గొంతులో ‘కాలేదు’ అనే జవాబుకు చోటు లేదు. “మా ఖాన్‌దాన్‌ల ఫెయిలన్నోడు లేడు. నేను బీకాం ఒక్క తాపకే అయిన. వీడు గిన తప్పిండంటే సదువు బంద్. కేసముద్రం మార్కెట్ల పత్తి బస్తాలు మోయనీకి తోలుత” అని పరీక్షలకు ముందు నుంచీ చెబుతూనే ఉన్నాడు. చెబితే చేసే మనిషి. సరళ “అయిండు” అంది. ఆమె దృష్టిలో అది అబద్ధం కాదు, కాస్త ముందుగా చెప్పిన నిజం. సప్లిమెంటరీలో పాసైతే చాలు, ఇంజనీరింగు సీటు దక్కుతుంది, మాటా దక్కుతుంది.

ఆ మాటను నిజమనుకున్న వాళ్లలో శైలజ ఒకతి. ఆమెకు మరిది కొడుకంటే ప్రాణం. వీడు పాసైతే తలనీలాలు ఇప్పిస్తానని, తల గలవాణ్ణి అడక్కుండానే కురవి వీరభద్రస్వామికి మొక్కుకుంది. సరళ ఎండల పేరు చెప్పి వాయిదా వేయబోయింది.

“వీరన్నతోని ఎగవెట్టుడు మంచిగుండదు సరళా” అంది శైలజ. “కండ్లు పోతయి.”

పోయిన ఆదివారం అందరూ కురవి వెళ్లారు. గుడి ముందు మిథున్ వద్దు మొర్రో అంటుంటే పెద్దమ్మ ఒక చెయ్యి, బాబాయి ఒక చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. మంగలి కత్తికి పదును లేదు. పాస్ కానివాడి జుట్టు అందుకుంటున్న దేవుడి మొహం చూడలేక సరళ నేల చూపులు చూసింది. గుండు అయిపోగానే వెంకట్రాం “డ్యూటీ ఉన్నది” అని అక్కణ్ణుంచే బస్సెక్కాడు.

జనగామలో పరీక్షా కేంద్రం రెండంతస్తుల ప్రైవేటు కాలేజీ. కింద ఇంటర్ వాళ్లు, పైన డిగ్రీ వాళ్లకేవో పరీక్షలు. సరళ కొడుకును గేటు దగ్గర వదిలి, మూసి ఉన్న జిరాక్స్ షాపు మెట్ల మీద కూర్చుంది. “ఎవ్వలన్న అడిగితె గీ సంగతి చెప్పకు బిడ్డా” అని చివరి జాగ్రత్త కూడా లోపలికి పంపేముందే చెప్పింది. ఆ జాగ్రత్తే కొంప ముంచింది.

ఇన్విజిలేటర్ ప్రభుదాస్ సారు మెత్తని మనిషి. కాపీ కొట్టేవాణ్ణి పట్టుకున్నా ఆయనకే కళ్లనీళ్లు వస్తాయి. హాల్ టికెట్లు చూస్తూ మిథున్ దగ్గర ఆగాడు. ఫోటోలో ఒత్తయిన జుట్టు, బెంచీ మీద నున్నటి గుండు. పిల్లవాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ప్రశ్నపత్రం అప్పుడే చూశాడు మరి. చనిపోయినప్పుడు ఎన్నో రోజున గుండు చేయిస్తారో ప్రభుదాస్‌కు తెలియదు, వాళ్లింట్లో ఆ ఆచారం లేదు. ఎందుకు చేయిస్తారో మాత్రం తెలుసు. వంగి, గుసగుసగా ఒక్క మాట అడిగాడు.

“నాయినా?”

మన దగ్గర తండ్రినీ నాయిన అంటాం, ముద్దొస్తే కొడుకునూ నాయినా అనే పిలుస్తాం. సారు ప్రేమగా పిలిచాడనుకున్నాడు మిథున్.

“ఆఁ సార్.”

“అయ్యో బిడ్డా. ఎప్పుడు?”

గుండు గురించే అడుగుతున్నాడని మిథున్‌కు అర్థమైంది. “పోయిన ఐతారం సార్. కురవిల.”

“దవాఖానలనా?”

“కాదు సార్, గుడి ముంగటనే. వద్దు వద్దంటె ఎవ్వలు ఇనలే. జబర్దస్తిగ పట్టుకున్నరు.”

ప్రభుదాస్ ఇంకొంచెం వంగాడు. “ఎవలు పట్టుకున్నరు?”

“మా పెద్దమ్మ, మా బాబాయి. కత్తి గూడ మంచిది కాదు సార్. రక్తమచ్చింది.”

“మరి... మీ అమ్మ?”

“అమ్మ పక్కకే నిలవడ్డది సార్. ఏమనలే.” మిథున్ అటూ ఇటూ చూశాడు. “గీ సంగతి ఎవ్వలకు చెప్పద్దన్నది. చెప్పకుండ్రి సార్.”

“నువ్వు రాయి బిడ్డా” అన్నాడు ప్రభుదాస్. నేరుగా చీఫ్ సూపరింటెండెంట్ గదిలోకి వెళ్లి తలుపు మూశాడు.

చీఫ్ అంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. “శవం మన సెంటర్ల అయితె లేదు గద?” లేదన్నాక ఊపిరి పీల్చుకున్నాడు. “అట్లయితే మనకు సంబంధం లేదు. పోలీసాయినకు చెప్పుండ్రి.”

గేటు దగ్గర బందోబస్తులో ఉన్న కానిస్టేబుల్ కొమురెల్లికి ఇంతకాలం పరీక్షా కేంద్రాల్లో చిట్టీలు తప్ప ఏమీ దొరకలేదు. హత్య అనగానే నడుముకు బెల్టు సర్దుకుని జిరాక్స్ షాపు మెట్ల దగ్గరకు వచ్చాడు.

“అమ్మా, మీ ఇంటాయన ఏడున్నడు?”

సరళ చటుక్కున లేచి నిలబడింది. ఆయనకు పరీక్ష సంగతి తెలిసిపోయి పోలీసులను పంపాడనుకుంది. “భూపాలపల్లిల, డ్యూటీల.”

“ఆఖరిసారి ఎప్పుడు సూసినవ్?”

“ఐతారం, కురవిల.”

“తర్వాత?”

“తర్వాత ఇంటికి రాలే. ఆడికెల్లి అటే పోయిండు.”

“అటే పోయిండు” అని కొమురెల్లి పక్కనున్న ప్రభుదాస్ వైపు తిరిగి నెమ్మదిగా మళ్లీ అన్నాడు. ప్రభుదాస్ కళ్లు తుడుచుకున్నాడు.

వెంకట్రాం ఫోన్ స్విచాఫ్. ఆఫీసు నంబరు అడిగితే సరళ బతిమాలింది. “ఆయనకు తెల్వద్దు సార్, మీకు దండం వెడత. తెలిస్తె మా బతుకు ఆగమైతది.” చనిపోయినవాడికి తెలియకూడదంటున్న ఈ ఆడమనిషిని కొమురెల్లి కొంచెం దూరం జరిగి చూశాడు. నంబరు తీసుకుని, స్పీకర్ పెట్టి చేశాడు.

“వెంకట్రామా? లీవుల ఉన్నడు సార్” అంది అవతలి గొంతు. “ఆయన అత్తమ్మ పోయిందట. పాపం, నిన్నటి సంది ఫోన్ గూడ ఎత్తుతలేడు.”

కొమురెల్లి ఫోన్ పెట్టేసి తల పట్టుకున్నాడు. “ఏందమ్మా, మీ అవ్వ గూడ పోయిందట! ఒక్క ముచ్చట చెప్పవైతివి?”

సరళ గొంతు లేచింది. “మా అమ్మనా! మా అమ్మ పోయిందా! మొన్ననే గదనే మామిడికాయ తొక్కు పంపితివి, ఓ అమ్మా!” అని మెట్ల మీద కూలబడింది. ఆ ఏడుపుకు పైఅంతస్తు కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

“మొగడంటె ఏడ్వలే. అమ్మ అంటె ఏడుస్తున్నది” అన్నాడు కొమురెల్లి. “యాదివెట్టుకో సారూ, సాక్ష్యం చెప్పాల్సొస్తది. పొల్లగాన్ని తీస్కరాపో. స్టేషన్‌కెల్లి జీపొస్తున్నది.”

మిథున్ అప్పుడే ఒక డెరివేషన్ సగం దాకా లాగాడు. ఆ ఒక్కటీ చదివిందే వచ్చింది, ఏడాదిలో మొదటిసారి ఫిజిక్స్ అతని మాట వింటోంది. సరిగ్గా అప్పుడు ప్రభుదాస్ భుజం మీద చెయ్యి వేశాడు.

“ఒక్క అయిదు నిమిషాలు సార్, గిది అయిపోతది.”

“నాయిన పోయినంక గిప్పుడు డెరివేషన్ ఎందుకు బిడ్డా? లే” అన్నాడు ప్రభుదాస్.

మిథున్ చేతిలోంచి పెన్ను జారింది. “మా నాయిన పోయిండా?”

“నువ్వే చెప్పినవ్ గద నాయినా” అన్నాడు ప్రభుదాస్ జాలిగా. పిల్లవాడికి దుఃఖంతో మతి చలించిందని నిర్ణయించుకుని చెయ్యి పట్టుకుని నడిపించాడు.

బయట తల్లీకొడుకులు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఆమె తల్లి కోసం, వాడు తండ్రి కోసం. ఎదుటివాళ్లు ఎవరి కోసం ఏడుస్తున్నారో ఇద్దరూ అడగలేదు. చావు దగ్గర అలాంటివి అడగరు కదా. జీపు వచ్చి ఆగింది. ఎక్కబోయే ముందు సరళ, పోయిన మనిషి ఇంట్లో ఎవరైనా ఎత్తకపోతారా అని, తల్లి నంబరుకు ఫోన్ చేసింది.

“ఎవలే, సరళనా?” అని కేసముద్రం నుంచి వాళ్లమ్మ స్వయంగా పలికింది. “ఏడుస్తున్నవేందే? ఎవలు పోయిన్రు?”

“నువ్వే పోయినవటనే అమ్మా!”

“నాకెవ్వలు చెప్పలే” అంది పెద్దావిడ.

“అయితె ఒక్కటే శవం” అని కొమురెల్లి కాస్త నిరుత్సాహంగా లెక్క సరిచేసుకున్నాడు. ఆ శవం నాయినదని మిథున్ వెక్కుతూ చెప్పాకే సరళకు తెలిసింది.

ఆ ఒక్క శవం అప్పుడు పైఅంతస్తులో కిటికీ పక్క బెంచీ మీద కూర్చుని స్టాటిస్టిక్స్ రాస్తోంది.

పెళ్లి పత్రిక మీద అచ్చయిన వెంకట్రాం గారి బీకాంలో ఆ ఒక్క పేపరు ఈనాటికీ మిగిలే ఉంది. డిగ్రీ లేక ప్రమోషను ఆగింది. పాత బకాయిల వాళ్లకు యూనివర్సిటీ ఆఖరి అవకాశం ఇచ్చింది. నిరుడు కూడా ఆఖరి అవకాశమే ఇచ్చింది గానీ, ఇది అచ్చంగా ఆఖరిదట. కింద నుంచి వచ్చిన ఏడుపును ఆయన వెంటనే గుర్తుపట్టాడు. కిటికీలోంచి చూస్తే జీపు పక్కన భార్య, నేల మీద కూలబడ్డ కొడుకు గుండు. ఆ గుండు తాను దగ్గరుండి చేయించినదేనని మరిచిపోయి, ఇంట్లో ఎవరో పోయారనుకున్నాడు. అయినా సగం చేసిన లెక్క పూర్తి చేసే లేచాడు. పేపరు ఇచ్చేసి మెట్లు దిగి పరుగున వచ్చి, “ఎవలు పోయిన్రే?” అని అడిగాడు.

“మీరే!” అంది సరళ. అని, కెవ్వుమంది.

మిథున్ తండ్రిని చుట్టుకుపోయాడు. కొమురెల్లి మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. “నువ్వు వెంకట్రామేనని గ్యారంటి ఏంది?” అన్నాడు. వెంకట్రాం కంగారులో చేతిలో ఉన్న హాల్ టికెట్టే చూపించాడు. అందులో కాలేజీ రోజుల నాటి ఉంగరాల జుట్టు, ఎదురుగా బట్టతల.

“ఫోటోల జుట్టున్నది, నీకు లేదు” అన్నాడు కొమురెల్లి. “మీ ఇంట్ల అందరిది గిదే లొల్లి.”

అప్పుడు చూసింది సరళ, ఆ కాగితం మీద బీకాం అన్న అక్షరాలు. మిగతాది ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. “లీవు కోసం మా అమ్మను చంపుతరా? మా అమ్మే దొరికిందా మీకు? మీ అమ్మను రాయకపోతిరి?”

“మా అమ్మను నిరుడు రాసిన” అన్నాడు వెంకట్రాం తల దించుకుని. వెంటనే ఏదో గుర్తొచ్చి తల ఎత్తాడు. “అవ్, మీరు గీడెందుకున్నరు?”

మిథున్ ముక్కు తుడుచుకున్నాడు. “ఫిజిక్స్ నాయినా. ఒక్కటే.”

వెంకట్రాం చెయ్యి లేచింది. లేచిన చేతిలో తన హాల్ టికెట్ గాలికి రెపరెపలాడింది. కొడుకు దాన్ని చూశాడు. చెయ్యి దిగింది.

“నాది గూడ ఒక్కటే” అన్నాడు తండ్రి. “ఉరుకు.”

ప్రభుదాస్ పిల్లవాడి చెయ్యి పట్టుకుని తానే ముందు పరుగెత్తాడు. పోయిన సమయం తిరిగి ఇచ్చే నిబంధన లేదు గానీ, మిగిలిన సమయంలో రాసుకోవద్దనే నిబంధనా లేదు. వెంకట్రాంకు ఆ వెసులుబాటు లేకపోయింది. పేపరు ఇచ్చి గది దాటిన వాణ్ణి పైన మళ్లీ రానివ్వరు. పైగా చీఫ్ ఆయన్ని కదలనివ్వలేదు. వెంకట్రాం చనిపోయాడనడానికి అందరికీ నోటి మాట చాలింది. బతికే ఉన్నాడనడానికి మాత్రం రాతపూర్వకంగా, ఇద్దరు సాక్షుల సంతకాలతో కావలసి వచ్చింది. ఆ రోజు ఆయన మొదటి నుంచి చివరి దాకా రాసిన కాగితం అదొక్కటే.

ఫలితాలు వచ్చాయి. వెంకట్రాంది మళ్లీ పోయింది, ఈసారి శాశ్వతంగా. ప్రమోషను వెనకవాడికి వెళ్లింది. మిథున్ మాత్రం గట్టు అంచున కాలు పెట్టినట్టు బయటపడ్డాడు. సరళ వంటింట్లో నిలబడి, పక్క గదిలో ఉన్న శైలజకు వినపడకుండా ఆ మార్కులు రెండుసార్లు చదువుకుంది. ఏప్రిల్‌లోనే పాసైపోయిన పిల్లవాడి పేరున జూన్‌లో స్వీట్లు పంచడం కుదరదు కదా.

మిథున్ నిజంగా పాసైన రోజున ఆ ఇంట్లో అందరూ మామూలుగా పప్పుచారు తిని పడుకున్నారు.