ఛైర్మన్ గారి గగన్ వీర్

"మహాజనులారా! రేపు ఆదివారం ఉదయం సరిగ్గా తొమ్మిదిన్నర గంటలకు, మాచర్ల ప్రాంత టెలివిజన్ వీక్షణాభివృద్ధి కమిటీ ఛైర్మన్, బాలబాలికల పాలిటి పెన్నిధి, శ్రీ గోపాలకృష్ణయ్య గారి ఆధ్వర్యంలో శ్రీ గగన్ వీర్ గారు ఆకాశంలో ఎగురుతారు! కావున తల్లిదండ్రులు పిల్లలతో సహా విచ్చేసి ఎగురుడును జయప్రదం చేయవలసిందిగా కోరుతున్నాం!"

శనివారం సాయంత్రం రిక్షాలో మైకు ఇలా అరుచుకుంటూ పోతుంటే దయామణి వాకిట్లో నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆమెకు పెళ్ళయి నలభై రోజులు. ఈ నలభై రోజుల్లో ఆమెకు నవ్వు రాని విషయం ఒక్కటీ కనపడలేదు. పాలు పొంగినా నవ్వే, చారులో ఉప్పు మరిచినా నవ్వే.

గగన్ వీర్ అంటే ఢిల్లీ నుంచి ప్రతి ఆదివారం టీవీలో వచ్చే పిల్లల హిందీ సీరియల్లో వీరుడు. నీలం బనీను, భుజాన ఎర్ర దుప్పటి, నడుముకి వెడల్పాటి బెల్టు. ఎక్కడ అన్యాయం జరిగితే అక్కడికి ఎగిరిపోయి, అరగంటలో న్యాయం చేసేసి, తర్వాతి ప్రోగ్రాముకి అడ్డం లేకుండా వెళ్ళిపోతాడు. నిన్నటిదాకా ఆయన ఏ పార్టీ మనిషో ఊళ్ళో ఎవరికీ తెలియదు. రిక్షా తిరిగాక తెలిసింది.

ఇక కమిటీ సంగతి. అది పుట్టి మూడు నెలలైంది. టీవీ చూడటంలో అభివృద్ధి చేయడానికి ఏముంటుందని ఎవరూ అడగలేదు. కమిటీతో పాటు ఛైర్మన్ గారికి ఒక జీపు, కమిటీ ఆఫీసుకి ఒక కలర్ టీవీ వచ్చాయి. ఆ రెండిటినీ చూశాక అభివృద్ధి జరగలేదని ఎవరనగలరు?

దయామణి ఆడపిల్లల హైస్కూల్లో హిందీ పంతులమ్మ. మొగుడు జయరాజు కరెంటాఫీసులో లైన్‌మన్. ఉద్యోగం నరసరావుపేటలో. శనివారం సాయంత్రం బండికి వస్తాడు, సోమవారం తెల్లారి మొదటి బస్సుకి పోతాడు. అంటే నలభై రోజుల పెళ్ళిలో వాళ్ళకి దక్కినవి ఐదు ఆదివారాలు. అతన్ని మాచర్లకు బదిలీ చేయమంటూ ఒక సిఫార్సు ఉత్తరం టైపు చేయించి ఛైర్మన్ గారి చేతికిచ్చి నెలైంది. అది ఆయన జేబులో క్షేమంగా ఉంది. సంతకం ఒక్కటే తరువాయి.

ఆ సాయంత్రం జయరాజు మల్లెపూల పొట్లంతో గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో, వెనకే కోటయ్య కూడా అడుగు పెట్టాడు. కోటయ్య ఛైర్మన్ గారి కుడిభుజం. ఎడమ భుజం ఖాళీగా ఉంటే అదీ అతనే.

"టీచరమ్మా, రేపు మైకు పట్టుకొని ఆ హిందీ మొత్తం నువ్వే తెలుగులో చెప్పాల. మా ఛైర్మన్ గారికి హిందీ ఒక్క ముక్క రాదు. రాదని ఆయనకి చానా గర్వం."

"రేపు ఆదివారం గదన్నా..." అంది దయామణి, మొగుడి చేతిలో పొట్లం వైపు చూస్తూ.

"అబ్బాయి కాయితం గూడా రేపే. ప్రోగ్రాం సక్సెస్ అయితే ఆడికాడే సంతకం. ఏమయ్యా జయరాజూ, నువ్వు డాబా మీద యాంటెన్నా పట్టుకోవాల. కరెంటోడివి, నీకు తెలుసుగా."

"కరెంటుకీ యాంటెన్నాకీ సంబంధం లేదన్నా" అన్నాడు జయరాజు.

"రేపటి నుంచి ఉంటది" అని కోటయ్య వెళ్ళిపోయాడు.

దయామణి పొట్లం విప్పుతూ, "ఏమండీ, నేను కింద, మీరు పైన. ఒకే ప్రోగ్రాం. ఇదీ బాగానే ఉంది" అంది. జయరాజుకి కూడా ఆలోచించి చూస్తే బాగానే ఉందనిపించింది.

మర్నాడు సాగర్ రోడ్డులో ఉన్న కమిటీ ఆఫీసు జనంతో నిండిపోయింది. వరండాలో బల్ల మీద టీవీ. టీవీకి కుంకుమ బొట్టు, ఒక దండ. దండ అడ్డం వస్తోందని పిల్లలు గోల చేస్తే కోటయ్య దాన్ని కొంచెం పక్కకి జరిపాడు గానీ తీయలేదు. డాబా మీద జయరాజు ఇనప గొట్టం పట్టుకొని నిలబడ్డాడు. మెడలో తువ్వాలు గాలికి ఎగురుతుంటే దయామణికి గగన్ వీర్ మీద ఉన్న కొద్దిపాటి గౌరవం కూడా పోయింది.

"వచ్చిందా?" పైనుంచి జయరాజు.

"రాలా!" కింద నుంచి నూటయాభై మంది.

"ఇప్పుడో?"

"చీమలొస్తన్నయ్!"

సాగర్ వైపు జానెడు తిప్పగానే బొమ్మ వచ్చింది. బొమ్మతో పాటే ఛైర్మన్ గారి జీపూ వచ్చింది. ఆయన దిగి, మొదటి దండ వేయించుకొని, "ప్రియమైన బాలలారా" అని మొదలుపెట్టేసరికి టీవీలో బాకాలు, డోళ్ళు మోగాయి. సీరియల్ మొదలైంది. ఛైర్మన్ గారు ఆ సంగీతం తనకే అనుకొని చేతులు జోడించి అది అయ్యేదాకా నిలబడ్డారు.

తర్వాత కోటయ్యని పిలిచి, "నా స్పీచ్ పది నిమిషాలుందయ్యా. అందాకా ఆపమను" అన్నారు.

"ఎవర్నండీ?"

"ఢిల్లీ వాళ్ళని."

కోటయ్య ట్రంకాల్ బుక్ చేయడానికి లోపలికి పోయాడు. లైను సోమవారం కలుస్తుందని తెలుసుకొని వచ్చి, "బిజీగా ఉన్నారంటండీ" అన్నాడు. ఛైర్మన్ గారు పెద్ద మనసుతో ఢిల్లీని క్షమించి, కుర్చీలో కూర్చున్నారు.

టీవీలో ఒక ఊరు కనపడింది. ఆడవాళ్ళు ఖాళీ కుండలతో వరసగా నిలబడి ఏడుస్తున్నారు. అప్పుడు ఆ ఊరి పెద్ద వచ్చాడు. తెల్ల ఖద్దరు, నల్ల కళ్ళద్దాలు, చేతికి నాలుగు ఉంగరాలు, మెలితిప్పిన మీసం.

"అరె! మన ఛైర్మన్ గారు!" అని ఒక పిల్లాడు అరిచాడు.

జనం టీవీ వైపు చూశారు, కుర్చీ వైపు చూశారు, మళ్ళీ టీవీ వైపు చూశారు. ఖద్దరు అదే, కళ్ళద్దాలు అవే. ఉంగరాలు కూడా లెక్క సరిపోయాయి. ఛైర్మన్ గారు మీసం సవరించుకొని, "ఎవరమ్మా ఆ పెద్దమనిషి? చానా హుందాగా ఉన్నాడు. ఏమంటున్నాడు?" అని అడిగారు.

ఆ పెద్దమనిషి హిందీలో, "ఊరి నీళ్ళన్నీ నా తోటకి మళ్ళించండిరా. జనం చస్తే చావనీ!" అని వికటంగా నవ్వుతున్నాడు.

దయామణి మైకు నోటి దగ్గర పెట్టుకొని ఆగిపోయింది. మాచర్లలో ఛైర్మన్ గారి బత్తాయి తోట మే నెలలో కూడా ఎందుకు పచ్చగా ఉంటుందో, ఊళ్ళో వీధి కుళాయి పావుగంటకే ఎందుకు ఆగిపోతుందో అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ మాట్లాడుకోరు. ఆమె పైకి చూసింది. డాబా అంచున జయరాజు పాదాలు కనపడ్డాయి. ఎండకి సిమెంటు కాలుతున్నట్టుంది, ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి పెడుతున్నాడు. ఐదే ఆదివారాలు. ఇది ఆరోది.

"ఆయన ఊరికి పెద్దదిక్కండీ" అంది మైకులో. "ఎండకి నీళ్ళు ఆవిరైపోతున్నయ్యని దిగులుపడి, వాటిని భద్రంగా తన తోటలో దాస్తున్నారు."

"దూరదృష్టి!" అన్నారు ఛైర్మన్ గారు. కోటయ్య చప్పట్లు కొట్టాడు. కోటయ్య కొట్టాడు గనక అందరూ కొట్టారు.

గగన్ వీర్ ఎగరడం మొదలుపెట్టాడు. ఆయన పక్క నుంచి ఒకే మబ్బు మూడుసార్లు వెళ్ళింది. నడుముకి కట్టిన తీగ కూడా కనపడింది గానీ పిల్లలు దాన్ని మన్నించారు. ఆయన దిగి, పెద్దమనిషి చొక్కా పట్టుకొని, "దుర్మార్గుడా, నీ ఆట కట్టు!" అని గర్జించాడు.

"'అయ్యా, తమరి సేవల గురించి ఆకాశంలో విన్నాను. ఒకసారి కళ్ళారా చూసి పోదామని వచ్చాను' అంటున్నాడండీ" అంది దయామణి.

ముందు వరసల్లో పకపకా నవ్వు లేచింది. అప్పుడు తెలిసింది ఆమెకి చేసిన పొరపాటు. ముందు వరసల్లో కూర్చున్నది బజారు ముస్లింల కుటుంబాలు. పుట్టినప్పటి నుంచీ ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునే మాటలే టీవీలో వినపడుతున్నాయి. మైకు పెట్టిన కమిటీకి గానీ, మైకు పట్టిన దయామణికి గానీ ఆ సంగతి తట్టలేదు.

బొమ్మ చెదిరిపోతే బాగుండునని ఆమె పైకి చూసి కేక వేసింది. "ఏమండీ! ఇంకొంచెం పక్కకి తిప్పండి! ఇంకా! ఇంకా!"

పెళ్ళాం అడిగిందని జయరాజు ప్రాణం పెట్టి తిప్పాడు. బొమ్మ అంతకు ముందు ఎన్నడూ రానంత స్పష్టంగా వచ్చింది. పెద్దమనిషి ముక్కు మీద చెమట చుక్క కూడా కనపడింది.

నవ్వు తగ్గలేదు. కోటయ్యకి అనుమానం వచ్చింది. ముందు వరసలో బుగ్గన పాను పెట్టుకొని కూర్చున్న గాజుల జైనాబ్ బీ దగ్గరికి వెళ్ళాడు.

"ఏందమ్మా ఆ నవ్వు? నీకు హిందీ వస్తది గదా. టీచరమ్మ చెప్పేది నిజమేనా?"

దయామణి మైకు కిందికి దించింది. జైనాబ్ బీ టీవీ వైపు చూసింది. అక్కడ గగన్ వీర్ పెద్దమనిషిని గాల్లోకి ఎత్తి గిరగిరా తిప్పుతున్నాడు. తర్వాత ఛైర్మన్ గారి జేబు వైపు చూసింది. ముసలివాళ్ళ పింఛను కోసం ఆమె పెట్టుకున్న కాగితం ఎనిమిది నెలలుగా అదే జేబులో ఉంది.

"నిజమే నాయనా. బిడ్డ తక్కువ చేసి చెప్తంది. అసల్ది ఇంకా గొప్పగుంది" అంది జైనాబ్ బీ. అని వెనక్కి తిరిగి, నవ్వుతున్న మనవళ్ళ వీపు మీద చెరొకటి వేసింది.

ఇక దయామణికి అడ్డం లేకపోయింది. గగన్ వీర్ పెద్దమనిషిని తీసుకెళ్ళి కాలవలో ముంచాడు. "అభిమానం పట్టలేక అభిషేకం చేస్తున్నాడండీ" అంది. పెద్దమనిషి కాపాడమంటూ "బచావో! బచావో!" అని అరిచాడు. "'చాలు, చాలు, నాకు ఇలాంటి సన్మానాలు ఇష్టముండవు' అంటున్నారండీ."

"నేనూ అంతే. నాకూ ఇష్టముండవు" అన్నారు ఛైర్మన్ గారు, మూడో దండకి తల వంచుతూ.

చివరికి పోలీసులు వచ్చి బేడీలు వేశారు. "చేతులకి కంకణాలు తొడిగి ఢిల్లీ తీసుకుపోతున్నారండీ. అక్కడ పెద్ద పదవి ఖాళీగా ఉందంట." ఛైర్మన్ గారు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. పిల్లలు ఎవరికి చప్పట్లు కొట్టాలో తెలియక ఇద్దరికీ కొట్టారు.

ప్రోగ్రాం సక్సెస్.

ఛైర్మన్ గారు కుర్చీ ముందుకి జరుపుకొని, జేబులోంచి కాగితాల కట్ట తీశారు. పైన జయరాజు ఉత్తరం, దాని కింద జైనాబ్ బీది. కింద ఇంకా చాలా ఉన్నాయి. జయరాజు డాబా దిగి వచ్చి, అరచేతులకి అంటిన తుప్పు తువ్వాలుతో తుడుచుకుంటూ దయామణి పక్కన నిలబడ్డాడు. ఎవరూ చూడకుండా ఆమె చిటికెన వేలు పట్టుకున్నాడు. ఆమెకి వచ్చే శనివారం వంట కూడా కళ్ళ ముందు కనపడింది. శనివారమే ఎందుకు, రోజూ వంటే.

"బాగా చెప్పావమ్మా" అన్నారు ఛైర్మన్ గారు కలం మూత తీస్తూ. "అచ్చం అక్కడున్నట్టే చెప్పావు."

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద లారీ హారన్ గుక్క పట్టింది. సిమెంటు లోడుతో పోతున్న లారీకి జనం అడ్డమయ్యారు. డ్రైవరు సర్దార్జీ ఒకాయన కిందికి దిగి, తలపాగా సర్దుకుంటూ, హిందీలో ఊరు ఎగిరిపోయేలా కేకలు వేస్తున్నాడు. దయామణి తెలుగులో చెబుదామని మైకు అందుకోబోయింది.

ఆ అవసరం పడలేదు. ఛైర్మన్ గారు లేచి వరండా అంచుకి వెళ్ళి, సర్దార్జీతో మాట్లాడారు. హిందీలో. గబగబా, తడుముకోకుండా, మధ్యలో ఒక హాస్యం కూడా వేసి. నాగపూర్లో మిర్చి వ్యాపారం పదకొండేళ్ళు చేశానని, ఆ రోజుల్లో లారీల వాళ్ళంతా తనకి తమ్ముళ్ళేనని చెప్పారు. సర్దార్జీ కోపం పోయి, ఆయన చేయి పట్టుకొని ఊపి, నవ్వుకుంటూ లారీ ఎక్కాడు. కోటయ్య జనాన్ని పక్కకి తప్పించాడు.

జైనాబ్ బీ నోట్లో పాను నమలడం మరిచిపోయింది.

ఛైర్మన్ గారు తిరిగి వచ్చి కూర్చున్నారు. నోరు తెరుచుకొని చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళనీ ప్రేమగా చూశారు. కలం ఉత్తరం మీద ఆనించి, ఒక్క క్షణం ఆగి, దయామణిని అడిగారు.

"బేటీ, యే సీరియల్ ఔర్ కిత్నే హఫ్తే చలేగా?"

ఇంకా ఎన్ని వారాలు నడుస్తుందని. మొత్తం పదమూడు వారాల సీరియల్, ఇవాళ్టికి మూడు అయ్యాయి. క్లాసులో పిల్లలకి చెప్పినట్టు ఆమె నోటి వెంట హిందీలోనే వచ్చేసింది.

"దస్."

"పది" అన్నారు ఛైర్మన్ గారు. కలానికి మూత పెట్టి, ఉత్తరం మడిచి, జాగ్రత్తగా మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.