ఇరవై ఒక్క రోజుల గూడు

ఒక పెద్ద అడవిలో, అది పెద్దది కాబట్టే, ప్రతి పనికీ ఒక కార్యాలయం ఉండేది. అందులో పాతగూళ్ళ పునర్వినియోగ కేంద్రం ఒకటి. పిల్లలు ఎగిరిపోయాక గిజిగాళ్ళు వదిలేసిన గూళ్ళను అక్కడ జమచేస్తారు. అల్లిక రాని చిన్న పిట్టలు దరఖాస్తు పెట్టుకుని వాటిని తీసుకెళ్తాయి.

కేంద్రం లేని రోజుల్లోనూ ఆ పిట్టలు ఆ గూళ్ళలోనే ఉండేవి. నేరుగా వెళ్ళి దూరిపోయేవి, అంతే. కేంద్రం వచ్చాక ఆ దూరడానికి ఒక పద్ధతి వచ్చింది. పద్ధతి వెంట వరస కూడా వచ్చింది.

ఇలా ఉండగా ఆ ఏడు తుమ్ముజబ్బు దిగబడింది. బురదగుంటలో ఒక అడవిపంది తుమ్మితే వారం తిరిగేసరికి అడవంతా తుమ్మింది. నాలుగు ముసలి ప్రాణాలు పోయాయి కూడా. కాబట్టి జంతువులు భయపడ్డాయంటే అందులో నవ్వడానికేం లేదు. కేంద్రం నెల్లాళ్ళు మూతపడింది.

మళ్ళీ తెరిచిన రోజున కేంద్రం అధిపతి వాలేశ్వరం గారు బండరాయెక్కి ఉపన్యసించారు. ఆయన కొండముచ్చు. ఎంత చిన్న మాట చెప్పాలన్నా ఎత్తైన చోటు కావాలి ఆయనకి.

"జబ్బొచ్చిందని మన పథకం ఆగదు. జబ్బుకి తగ్గట్టు మారుతుంది. ఇకనుంచి వచ్చిన ప్రతి గూడూ కేంద్రం వెనక గుహలో ఇరవై ఒక్క రోజులు ఎవరూ ముట్టుకోకుండా ఉండాలి. ఆ తరవాతే పంపిణీ."

అందరూ తలలూపారు. నూకాలు కూడా ఊపింది. నూకాలు గుప్పెడంత జీనువాయి పిట్ట. దానికిది తొలిచూలు. గుడ్లు పెట్టడానికి ఇంకా పాతిక రోజులుంది. ఇరవై ఒకటి పోతే నాలుగు రోజులు మిగులుతాయి, సర్దుకోవడానికి చాలు అనుకుంది. పాపం, కార్యాలయాల లెక్క దానికేం తెలుసు.

కిటికీ దగ్గర గుమాస్తా కూర్మారావు ఉన్నాడు. తాబేలు. నూకాలు పేరు రాసుకుని, ఒక పచ్చి గడ్డిపోచకి ముడివేసి పుల్లతో ముందుకి నెట్టాడు.

"ఇది రసీదు. నీ గూడు గుహలో పెట్టించాను. ఇవాళ ఒకటో రోజు. రోజూ వచ్చి కనబడాలి."

మర్నాడు నూకాలు ఆ పోచ చూపిస్తే కూర్మారావు మెడ లోపలికి లాక్కున్నాడు.

"దీనికి నీ ముక్కు తగిలింది. ఇక చెల్లదు. కొత్తది తీసుకో."

అలా రోజుకో రసీదు. చెల్లని రసీదులు పారెయ్యడానికి మనసొప్పక నూకాలు వాటిని ఒక ముళ్ళపొదలో దాచుకుంది. సర్కారు కాగితం కదా, ఎప్పుడేం అడుగుతారో.

ఇరవయ్యో రోజున కడుపు బరువుగా ఉంది. ఎగరలేక ఎగరలేక వచ్చింది.

"బాబుగారూ, రేపటికి ఇరవై ఒకటి. గూడు రేపు ఇచ్చేస్తారా?"

కూర్మారావు పట్టీ చూశాడు. "నీ గూటికి ఇవాళ ఒకటో రోజు."

"వచ్చిన రోజూ ఒకటే అన్నారు కదండీ."

"అప్పుడూ ఒకటే. మా దగ్గర లెక్క తప్పదమ్మా."

సంగతి ఏమిటంటే, కేంద్రంలో సన్యాసిరావు అనే ముంగిస తనిఖీ అధికారి. మహా నిజాయితీపరుడు. గూళ్ళను ఎవరూ ముట్టుకోలేదని రోజూ ధ్రువీకరించాలి. ముట్టుకుని చూస్తే తప్ప ఆయనకి నమ్మకం కుదరదు. అందుకని పొద్దున్నే గుహలోకి వెళ్ళి ప్రతి గూటినీ తడిమి, "ఎవరూ ముట్టుకోలేదు" అని రాస్తాడు. తర్వాత, తాను ముట్టుకున్నాడు కాబట్టి, నిజాయితీగా లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాడు.

"కళ్ళతో చూస్తే సరిపోదాండీ?" అని అడిగింది నూకాలు.

"కంటికి కనబడినదానికి సాక్షి ఎవరు?" అన్నాడు సన్యాసిరావు, చాలా మర్యాదగానే.

నూకాలు బండ మీదున్న వాలేశ్వరం గారి దగ్గరికి వెళ్ళింది. "అయ్యా, గుడ్లు ఆగవండి."

ఆయన జాలిగా చూశారు. "నియమాలన్నీ మీ క్షేమం కోసమేనమ్మా. గుడ్లకి గడువు పొడిగించమని వేరే దరఖాస్తు పెట్టుకో. నేను సిఫారసు చేస్తాను."

నూకాలు ముళ్ళపొదలోకి వెళ్ళి ఏడ్చింది. గూడు లేకుండా గుడ్డు పెడితే అది నేలపాలు, లేదా పాముపాలు. తొలికాన్పు అలా పోతుందేమోనని దాని భయం.

పక్కన ఈతచెట్టు మీద అప్పలనర్సయ్య అనే ముసలి గిజిగాడు ఉన్నాడు. గుహలో మగ్గుతున్న గూళ్ళలో సగం అతను అల్లినవే.

"ఎందుకమ్మా ఏడుస్తావు? ఆ పొదలో అంత గడ్డి పెట్టుకుని!"

"గడ్డి కాదు మావా, రసీదులు."

"గూటికి ఆ తేడా తెలీదులే. నేను ఇక్కణ్ణించే చెబుతాను, నువ్వు చెయ్యి. దగ్గరికొస్తే మళ్ళీ దానికో నియమం ఉంటుంది. మొదటి పోచ కొమ్మ చుట్టూ తిప్పు. ఊఁ, దాని కిందనుంచి లాగు. అటు కాదు, ఇటు."

మొదటి రోజు అల్లింది రెండో రోజు ఊడిపోయింది. మూడో రోజు నిలిచింది. పోచలు చాలకపోతే చుట్టుపక్కల పిట్టల్ని అడిగింది. అందరి దగ్గరా చెల్లని రసీదులు కుప్పలుగా ఉన్నాయి. పాతికో రోజుకి గూడు పూర్తయింది. ఓ పక్కకి ఒరిగింది, గుమ్మం వంకర. అయినా అందులో నాలుగు గుడ్లు వెచ్చగా కూర్చున్నాయి. నూకాలుకి మళ్ళీ ఏడుపొచ్చింది, ఈసారి వేరే రకం.

ఈ కబురు పాకింది. మర్నాటినుంచి కేంద్రం ముందు వరస మూడింతలైంది. అందరూ రసీదుల కోసమే. వాలేశ్వరం గారు మురిసిపోయారు. "గూళ్ళు ఇవ్వకపోయినా గిరాకీ పెరుగుతోందంటే, మన పథకం మీద ప్రజలకి ఎంత నమ్మకమో చూశారా!"

అప్పటికి అడవిలో తుమ్ముజబ్బు పోయింది. కానీ మూసిన గుహలో వేలకొద్దీ గూళ్ళు చెమ్మకి బూజుపట్టాయి. రోజూ వాటిని తడిమి సన్యాసిరావు తుమ్మాడు. అతని పట్టీ అందుకుని కూర్మారావు తుమ్మాడు. గుహ గాలికి వాలేశ్వరం గారు బండమీదే తుమ్మారు.

"జబ్బు తిరగబెట్టింది. రసీదులకి కూడా ఇరవై ఒక్క రోజులు!" అని ఉత్తర్వు వేశారు.

దాంతో పిట్టలు కేంద్రానికి రావడం మానేశాయి. కూర్మారావు గడ్డి ఏ బీడులో కోసుకొస్తాడో వాటికి తెలుసు. నేరుగా అక్కడికే వెళ్ళాయి. అందరికీ అల్లిక చెబుతూ అప్పలనర్సయ్యకి అరిచి అరిచి గొంతు పోయింది.

చివరికి వరస లేని కేంద్రం నుంచి వాలేశ్వరం గారు ముక్కు తుడుచుకుంటూ, ఒక పలక మోయించుకుని నూకాలు పొద దగ్గరికి వచ్చారు. పలక మీద "కేంద్రం వారి సహాయంతో ఏర్పడిన గూడు" అని ఉంది. గూట్లో నాలుగు పిల్లలు నోళ్ళు తెరిచి కిచకిచలాడుతున్నాయి. నిజంగా ఉన్నాయో లేదో ధ్రువీకరించడానికి, వెంట వచ్చిన సన్యాసిరావు చెయ్యి చాచాడు.

నూకాలు గుమ్మానికి అడ్డం కూర్చుంది.

"ముట్టుకోకండి బాబూ. మీరు ముట్టుకుంటే నా పిల్లలకి మళ్ళీ ఒకటో రోజవుతుంది."

సన్యాసిరావు నిజాయితీపరుడు కదా. అది నిజమేనని ఒప్పుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పలక మాత్రం పొదకి వేలాడదీసి వెళ్ళారు.

నీతి: అడవిలో పాతబడిన ప్రతిదీ ఎవరికో ఒకరికి పనికొస్తుంది, చెల్లని రసీదుతో సహా. ఎవరికీ పనికిరాదని తేలాక కూడా పారెయ్యనిది పథకం ఒక్కటే.