పాత కారు ముందు పాటించవలసిన మర్యాదలు

పాత కారు కొనబోతున్నారా? అయితే దయచేసి ఏమీ చూడకండి!

అవును, సరిగ్గానే చదివారు. ఈమధ్య ఎవరిని కదిపినా ఒకటే పాట. బానెట్ ఎత్తి చూడాలట. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలట. పొగ ఏ రంగులో వస్తోందో వెనక నిలబడి చూడాలట. ఎంత అమర్యాద! పెద్దమనిషి ఇంటికి వెళ్లి, ఆయన ఇచ్చిన కాఫీ తాగి, ఆయన కారు వెనక ముక్కు పెట్టడమా? మనం వెళ్లింది కొనడానికా, సోదా చేయడానికా?

రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన కారంటే అనుభవంలో మనకంటే పెద్దది. పెద్దవాళ్లను పట్టుకుని "ఏదీ, పళ్లు చూపించండి" అంటామా?

నా సంగతే చెబుతాను. పోయిన సంవత్సరం మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. ఒక్కోసారి ఒక్కో టాక్సీ, ఒక్కో ఎత్తు సీటు, ఎక్కి దిగడం ఆవిడకు నరకంగా ఉందని మా ఆవిడ అంది. వెంటనే నా మనసు కరిగింది. వెంటనే అంటే, మూడోసారి అన్నాక.

కారు అమ్మే ఆయన రిటైరైన లైబ్రేరియన్. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట, చెప్పులు కూడా వరసలో విడిచే మనిషి. అలాంటివారి కారు చెడ్డదెలా అవుతుంది? నేను కారును చూడలేదు, ఆయన్ను చూశాను. నన్నడిగితే అసలైన ఇన్‌స్పెక్షన్ అదే!

అలాగని కారును బొత్తిగా వదిలేశామనుకునేరు. మా ఆవిడ సీటు కవర్లు నలిపి చూసింది. అత్తగారు వెనక సీట్లో కూర్చుని, తలుపు రెండుసార్లు వేసి, "చప్పుడు నిండుగా ఉంది" అన్నారు. నేను హారన్ కొట్టాను. మోగింది! ఇంకేం కావాలి?

మెకానిక్‌ను కూడా వెంటబెట్టుకునే వెళ్లాం. కానీ చేతిలో టార్చిలైటు, పానాలతో ఆ మనిషిని లోపలికి తీసుకెళితే ఇంటాయన ఏమనుకుంటాడు? "నువ్వు గేటు దగ్గరే ఉండవయ్యా" అన్నాను. పాపం, గంటసేపు అక్కడే నిలబడి గేటు కీలు బాగుచేశాడు.

ఇంతలో లైబ్రేరియన్‌గారు లోపలినుంచి అట్ట వేసిన నోటుపుస్తకం ఒకటి తెచ్చారు.

"బండి గురించి అంతా ఇందులో రాశానండీ. ఒక్కసారి చూస్తే..."

"అయ్యయ్యో, ఎందుకు సార్! మీ మాట చాలు."

"అది కాదండీ, ఇంజన్ విషయంలో..."

"మిమ్మల్ని చూస్తే తెలియడంలేదా సార్!"

ఆయన మళ్లీ నోరు తెరిచారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాను. ఆయన నోరు మూసుకుని, పుస్తకాన్ని డాష్‌బోర్డు అరలో పెట్టి, తాళాలు ఇచ్చారు. మర్యాదస్థులు మరి!

ఇక ఆ కారు చేసిన మేలు ఏమని చెప్పను? అంతకుముందు కింది అంతస్తులో ఎవరుంటారో నాకు తెలియదు. ఇప్పుడు ఎనిమిది ఇళ్ల వాళ్లూ ఆప్తులే. నేను తాళం తిప్పిన చప్పుడు వినగానే, పిలవకుండానే దిగివచ్చి తోస్తారు. కొందరు మాత్రం ఆ చప్పుడు వినగానే లైట్లు ఆర్పేస్తారు. మంచివాళ్లెవరో తెలుసుకోవడానికి ఇంతకన్నా చవకైన పద్ధతి ఉందా?

పొగ ఏ రంగో చూడాలని చెప్పేవాళ్లు ఏదో ఒక్క రంగే వస్తుందనుకుంటారు. మాకు నలుపు, తెలుపు, నీలం మూడూ వస్తాయి! ఎడమకాలి కింద నేల తుప్పు పట్టి చిల్లుపడింది, అందుచేత ఏసీ బాధ లేదు. ఇంజన్ చల్లారేదాకా రోడ్డు పక్కన నిలబడి నేనూ మా ఆవిడా మాట్లాడుకున్నన్ని మాటలు పన్నెండేళ్ల కాపురంలో మాట్లాడుకోలేదు. అంటే, ఆవిడ మాట్లాడింది. నేను విన్నాను.

పోయిన నెల ఒకరోజు ఆసుపత్రికి బయలుదేరాం. అది ఎత్తు మీద ఉంటుంది. వాన పడుతోంది. సగం ఎక్కాక బానెట్‌లోంచి ఆవిరి లేచి కారు ఆగిపోయింది. హ్యాండ్‌బ్రేక్ లాగాను. కారు మెల్లగా వెనక్కి జారింది. నేను కాలితో బ్రేకు తొక్కిపట్టి కూర్చుంటే, మా ఆవిడ దూకి చక్రాల కింద రాళ్లు పెట్టింది.

అత్తగారు తలుపు తీసుకుని దిగారు. కూతురి భుజం పట్టుకుని ఆ వానలో, ఆ మోకాలితో, మిగిలిన ఎత్తంతా నడిచారు.

"ఫర్వాలేదు బాబూ. డాక్టరు నడవమనేగా అంటున్నాడు" అన్నారు నవ్వుతూ.

సాయంత్రానికి ఆ మోకాలు రెండింతలు వాచింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. నిజం చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది.

ఆ రోజు కారు కాగితాల కోసం అర వెతుకుతుంటే నోటుపుస్తకం దొరికింది. మొదటి పేజీలోనే, గుండ్రటి అక్షరాలతో: "కొనేవారికి మనవి. ఇంజన్‌లో హెడ్ గ్యాస్కెట్ పోయింది, వేడెక్కి ఆగిపోతుంది. మార్చకుండా ఎత్తు ఎక్కించకండి. హ్యాండ్‌బ్రేక్ పట్టదు. మీటరు ఆగిపోయి మూడేళ్లయింది, ఆ తర్వాత తిరిగినదానికి లెక్క లేదు."

బాగుచేయడానికి వచ్చిన మెకానిక్‌కు అది చదివి వినిపించాను.

"ఆ రోజు నన్ను లోపలికి రానిచ్చుంటే ఆయిల్ మూత తీయగానే చెప్పేవాణ్ణి సార్. అర నిమిషం పని" అన్నాడు.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. లైబ్రేరియన్‌గారు అడక్కుండానే పెట్టబోయారు, నేనే వద్దన్నాను. ఇప్పుడు ఎవరిని తిట్టుకోను? మనసారా తిట్టుకోవడానికి ఒక మోసగాడైనా లేకపోయె!

మొత్తానికి ఆ కారు అమ్మకానికి పెట్టాను. ఉన్నది ఉన్నట్టు చెప్పి, విడి సామాన్ల కోసం కొనేవాళ్లకు ఇచ్చేద్దామనుకున్నాను. మొన్న ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. భార్యకు నెలలు నిండుతున్నాయట. బిడ్డను సొంత కారులో ఇంటికి తెచ్చుకోవాలని వాళ్ల ఆశట. ఆదివారం వస్తానన్నాడు.

"బాబూ, ఆ కారు ఇంజన్..." అని మొదలుపెట్టాను.

"అయ్యో, ఎందుకు సార్! మీ కాలమ్ ప్రతి వారం చదువుతాను. మీలాంటివారి కారులో చూసేదేముంటుంది!"

నేను నోరు మూసుకున్నాను. పొగిడిన మనిషి మాటకు అడ్డెలా వస్తాం?

"చెప్పారా?" అంది మా ఆవిడ.

"ఆదివారం చెబుతాగా."

"మీరా? చెప్పినట్టే!"

ఆవిడ మాట నిజమే. నా మొహమాటం నాకు తెలుసు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. బాబూ, ఆదివారం మెకానిక్‌ను వెంటబెట్టుకుని రా. గేటు దగ్గర ఆపకు. కాఫీ ఇస్తాను, తాగు. తాగి బానెట్ ఎత్తు. నోటుపుస్తకం బల్లమీదే ఉంటుంది, నేను ఏ కబుర్లు చెబుతున్నా పట్టించుకోకుండా మొదటి పేజీ చదువు.

ప్రతి వారం చదువుతానన్నాడు కాబట్టి ఇదీ చదువుతాడు. ఆ ధైర్యంతోనే ఉన్నాను.

భయమల్లా ఒక్కటే. ఆ మాట కూడా మొహమాటానికే అన్నాడేమో!