శిరస్సు సంతకం

నోరున్న ప్రతి జీవికీ అరిచే హక్కు దేవుడే ఇచ్చాడు గానీ, ఆ హక్కును ఒక క్రమంలో పెట్టిన ఘనత మాత్రం వినుకొండ పక్కనున్న విధేయ మంద సహవాసం అనే చర్చి పెద్దల కమిటీదే. రెండు వేల మూడో సంవత్సరం నాటికి ఆ సంఘంలో స్త్రీ పాట పాడవచ్చు, చాపలు పరవవచ్చు, ప్రార్థన చేయవచ్చు. సంఘంతో మాట్లాడాలంటే మాత్రం నాలుగో నంబరు ఫారం నింపి, తన శిరస్సు చేత సంతకం పెట్టించాలి. (శిరస్సు అంటే భర్త. మెడ మీద ఉండేది లెక్కలోకి రాదు.)

ప్రేమమ్మ మిర్చి వ్యాపారం చేసే మనిషి. ఊళ్లు తిరిగి కాయ కొని గుంటూరు యార్డుకు లారీ ఎక్కించేది. బస్తా పైన ఎర్రకాయ పరిచి లోపల తెల్లబారిన తాలు పోసేవాళ్లు ఆమెకు కొత్త కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు కాయ తీసి చూడందే బేరం మొదలుపెట్టేది కాదు. అల్లుడి విషయంలో మాత్రం ఆ చెయ్యి దూర్చలేదు. కరుణాకర్ సంఘంలో కీబోర్డు వాయిస్తాడు, పెద్దల కమిటీలో సభ్యుడు. పైకి నిగనిగలాడే కాయ. కూతురు క్రిస్టీనాను ఇచ్చేసింది.

ఆ ఏడు కోతలప్పుడు అతను క్రిస్టీనా చెయ్యి విరిచాడు. పిల్ల కట్టుతో పుట్టింటికి వచ్చింది. పాస్టరు గారు విచారించి, లోపం లోబడటంలో ఉందని తేల్చి, వచ్చే ఆదివారం ఆరాధన చివర సమాధాన కూడిక పెట్టారు. అందులో క్రిస్టీనాను అందరి ఎదుటా భర్తకు అప్పగిస్తారు. అప్పగించాక అభ్యంతరాలు చెల్లవు.

ప్రేమమ్మ ఫారం కోసం సంఘ కార్యదర్శి జయరావు గారి దగ్గరికి వెళ్లింది.

"మా ఆయన పోయి పదేళ్లయిందండీ. సంతకం ఎవరిచేత పెట్టించను?"

ఆయన నిబంధనల పుస్తకం తిరగేశాడు. "విధవరాలికి కుటుంబంలో మగవాడే శిరస్సు. మీకు కొడుకుల్లేరు గదా, అల్లుడు గారు పెడితే సరిపోద్దమ్మా."

"వాడి మీద చెప్పడానికి వాడే సంతకం పెట్టాలా?"

"అలా అనొద్దమ్మా. మీరు చెప్పేది సాక్ష్యం. ఫిర్యాదుకు వేరే ఫారం ఉంది. అది పురుషులకు."

ప్రేమమ్మ ఆ పుస్తకం అడిగి తీసుకుని, అలవాటు కొద్దీ అడుగు నుంచి చూసింది. చివరి పేజీలో రెండు నిబంధనలున్నాయి. ప్రార్థన జరిగేటప్పుడు అందరూ కళ్లు మూసుకోవాలి. ప్రార్థించేవారు ఆమేన్ అనేదాకా ఎవరూ అడ్డు రాకూడదు. పుస్తకం తిరిగిచ్చి, వందనాలు చెప్పి వచ్చేసింది.

ఆదివారం అప్పగింతకు ముందు, సహోదరీల్లో ఒకరు ప్రార్థించాలని పాస్టరు గారు పిలిచారు. ప్రేమమ్మ ముసుగు సర్దుకుని లేచింది. అందరూ కళ్లు మూసుకున్నారు.

"తండ్రీ, నీ బిడ్డ కరుణాకర్ నా కూతురి చెయ్యి తలుపు సందులో పెట్టి విరిచాడు. పాస్టరు గారికి చెప్పుకుంటే ఇంకాస్త లోబడమన్నారు. ఆయనకు పనులెక్కువ, మర్చిపోయుంటారు. నీకు గుర్తుంది గదా నాయనా."

చాపల మీద నుంచి ఎవరో స్తోత్రం అన్నారు. కీబోర్డు దగ్గర ఎవరో దగ్గారు. పాస్టరు గారు గట్టిగా ఆమేన్ అన్నారు.

"మధ్యలో ఎవరో ఆమేన్ అన్నారు తండ్రీ. అది నాది కాదు," అని ప్రేమమ్మ దేవుడికి తెలియజేసి, ఇవాళ పిల్లను పంపడం లేదని కూడా ముందుగానే చెప్పేసింది.

ఆమె ఊపిరి తీసుకునేలోగా, ఆమేన్ పడకుండానే, పొలం పనులకు పోయే కొండమ్మ అందుకుని తన వీపు మీది వాత సంగతి చెప్పింది. తర్వాత పక్కావిడ. ప్రార్థన చాప నుంచి చాపకు పాకింది. మగవాళ్లు కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నారు. అంత భక్తి ఆ మందిరంలో ఎన్నడూ కనపడలేదు. (కనపడినా చూసేవారు లేరు.) ప్రార్థన నడుస్తుండగానే ప్రేమమ్మ కూతురి రెండో చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. నిబంధన ప్రకారం ఎవరూ చూడలేదు, ఎవరూ ఆపలేదు. మధ్యాహ్నం మూడింటికి గానీ ఆమేన్ రాలేదు.

సాయంత్రం కమిటీ అత్యవసరంగా కూర్చుంది. నాలుగో నంబరు ఫారం ఒక్కటీ దాఖలు కాలేదు గనక స్త్రీలెవరూ మాట్లాడలేదనీ, సంఘం కళ్లు మూసుకుని ఉండగా జరిగినది జరగనట్లే లెక్క అనీ జయరావు గారు తీర్మానం రాశారు. కరుణాకర్‌తో సహా అందరూ సంతకాలు పెట్టారు.

ఆ లెక్కన, సంఘం పుట్టిన పందొమ్మిదేళ్లలో ఏ ఇంట్లోనూ ఏమీ జరగలేదు.