కాల్‌లో ఆర్విడ్ గారు కూడా ఉన్నారు

ఆ పొద్దున రోరీ కౌల్టర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటల కాన్ఫరెన్స్ కాల్‌లో ఒక్క తెలివైన మాట అనాలి. అది న్యూయార్క్‌లో ఉన్న డాఫ్నీ మారెలో చెవిన పడాలి. ఆవిడ "ఎవరీ కుర్రాడు?" అని అడగాలి.

డాఫ్నీ ఒక పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో పెద్ద అధికారి. కాలేజీలో అడుగుపెట్టిన నాటినుంచీ రోరీకి అలాంటి బ్యాంకులోనే పనిచేయాలని పట్టుదల. కానీ వేసవి ఇంటర్న్‌షిప్ కోసం అతను అడిగిన ప్రతి బ్యాంకూ కుదరదు పొమ్మంది. కాలేజీలో ఉద్యోగ సలహాలిచ్చే పెద్దమనిషి జాలిపడి, "వీధి గుమ్మం తెరవకపోతే పెరటి గుమ్మం చూసుకో నాయనా. ఏదైనా కంపెనీ ఫైనాన్స్ విభాగంలో చేరు. కంపెనీ దేన్నైనా అమ్మేటప్పుడు బ్యాంకువాళ్ళే వచ్చి నీ ఎదురుగా కూర్చుంటారు" అన్నాడు. అలా రోరీ న్యూజెర్సీ నుంచి, పెద్ద సరస్సు ఒడ్డునున్న మా డులూత్‌కి వచ్చి, ఓడలకు పంపులు తయారుచేసే కంపెనీలో పడ్డాడు. కంపెనీ అప్పుడే ఒక పాత విభాగాన్ని అమ్మకానికి పెట్టింది. కొనేవాళ్ళ తరఫున బేరం చేస్తున్నది డాఫ్నీయే.

జూన్ నెలలో మా ఊరికి ఎండ రాదు, సరస్సు మీదనుంచి పొగమంచు వస్తుంది. ఆరోజు అది కిటికీల దాకా వచ్చి ఆగింది. ఫైనాన్స్ విభాగంలో రెండో స్థానంలో ఉన్న మార్లిస్ హ్యుగ్‌డాల్ రోరీని పిలిచింది.

"ఆర్విడ్ గారి గదిలో కూర్చుని కాల్ కలుపు బాబూ. నేను నా గదిలోంచి వింటాను. అక్కడ ఫోన్ తప్ప ఇంకేదీ ముట్టుకోకు. ఆ కుర్చీ జోలికి అసలు పోకు."

ఆర్విడ్ నార్డ్‌క్విస్ట్ అంటే ఫైనాన్స్ విభాగాధిపతి. రోరీ చేరి వారమైనా ఆయన్ని చూడలేదు. కానీ ఆఫీసులో అందరూ "దీనికి ఆర్విడ్ ఒప్పుకోడు", "ఆర్విడ్‌కి ఇది నచ్చదు" అని అంటూనే ఉన్నారు. నడవా చివర గది తలుపు మీద ఆయన పేరుంది. రోరీ తలుపు తోసి చూస్తే, వెనక ఆనుడు ఎత్తుగా ఉన్న కుర్చీ కిటికీవైపు తిరిగి ఉంది. కుర్చీ పైన ఉన్ని టోపీ, పక్కలకు కోటు భుజాలు కనిపించాయి. కిటికీ అవతల తెల్లగా మంచు తప్ప ఏమీ లేదు.

"గుడ్ మార్నింగ్ సర్," అన్నాడు రోరీ.

ఎవరో మెల్లగా గొంతు సవరించుకున్నట్టయింది. అంతకుమించి జవాబు రాలేదు. మా ఊళ్ళో పెద్దవాళ్ళు అంతకంటే ఎక్కువ మాట్లాడరని వారంలోనే గ్రహించినవాడు కాబట్టి రోరీ నొచ్చుకోలేదు. గోడవారగా కూర్చుని ఫోన్ మీట నొక్కాడు. "ఆర్విడ్ నార్డ్‌క్విస్ట్ చేరారు" అని యంత్రం ప్రకటించింది.

"ఆర్విడ్ గారూ! ఎన్నాళ్ళకి!" అంది డాఫ్నీ అవతలినుంచి. "మీతో మాట్లాడాలని ఎంతగా అనుకున్నానో. మా ధర మీకు అందిందనుకుంటాను. ఏమంటారు?"

ఆర్విడ్ ఏమీ అనలేదు. లైన్‌లో ఊపిరిలాంటి సన్నటి చప్పుడు మాత్రం వినిపించింది. మార్లిస్ కూడా ఏమీ అనలేదు. ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. మా ఊళ్ళో మౌనం మర్యాద, న్యూయార్క్‌లో మౌనం బేరం.

"తక్కువంటారా? సరే, కొంచెం పెంచుతాను."

మళ్ళీ ఊపిరి. డాఫ్నీ ఇంకొంచెం పెంచింది. ఆ నిశ్శబ్దం ఇక రోరీ వల్ల కాలేదు. పైగా అవకాశం ఇదే కదా. "ఆర్విడ్ గారు ఆలోచిస్తున్నారు మేడమ్. పంపులమీద వచ్చే ఆదాయం కాదు, రిపేర్లమీద వచ్చే ఆదాయం చూడమంటున్నారేమో" అన్నాడు.

"ఎవరీ కుర్రాడు?" అంది డాఫ్నీ.

రోరీ ఆత్రంగా తన పేరు చెప్పాడు.

"నీకు ఆయన మనసు బాగా తెలిసినట్టుంది. చూడు రోరీ, ఇలాంటి మనిషితో ఫోన్లో తేలదు. రేపు నేనే వస్తున్నాను. ఆయన ఉంటారా?"

రోరీ కుర్చీవైపు చూశాడు. "ఎక్కడికి పోతారు మేడమ్? ఇక్కడే ఉంటారు."

కాల్ ముగిశాక మార్లిస్ వచ్చి, గుమ్మం దాటకుండా బయటే నిలబడింది. ఆమె ముఖం పాలిపోయింది.

"ఎంత పని చేశావు బాబూ! ఆర్విడ్ గారు ఫిబ్రవరిలో పోయారు."

"పోవడమేంటి? ఇదిగో..." అంటూ రోరీ ముందుకెళ్ళి కుర్చీలోకి చూశాడు. కోటు ఉంది, టోపీ ఉంది. మధ్యలో ఎవరూ లేరు.

"ఈ గదిలోనే, ఇలాంటి కాల్‌లోనే పోయారు. ఎప్పుడూ మాట్లాడే మనిషి కాదుగా, కాల్ అయ్యేదాకా ఎవరికీ తెలీలేదు. ఫోన్ ఆయన పేరుమీదే ఉండిపోయింది. పేరు తీసెయ్యమని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. కోటూ అంతే."

"మరి మీరైనా ఆవిడకి చెప్పొచ్చుగా!"

"అంత ఆప్యాయంగా పలకరించిందా, పోయారంటే పాపం సిగ్గుపడుతుందని ఊరుకున్నా. ధర పెంచాక చెబితే మరీ బాగుండదు."

"అయితే నేను గుడ్ మార్నింగ్ చెప్పినప్పుడు గొంతు సవరించుకుందెవరు?"

"ఇక్కడ హీటర్ పాతది," అంది మార్లిస్ అటు చూడకుండా.

రోరీ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. సరిగ్గా కుర్చీకి ఎదురుగా, అద్దం లోపలివైపు, అరచేయంత మేర ఆవిరి పట్టి ఉంది.

"అదా? రోజూ పొద్దున్నే తుడుస్తూనే ఉంటాను," అంది మార్లిస్.

జూన్‌లో ఎవరూ హీటర్ వేయరని రోరీకి ఇంటికెళ్ళాక తట్టింది. ఆ రాత్రి అతనికి నిద్ర లేదు. నిజం చెబితే డాఫ్నీ తనని మళ్ళీ గడప తొక్కనివ్వదు. చెప్పకపోతే రేపు ఆవిడ వచ్చి కుర్చీ తిప్పుతుంది.

మర్నాడు మంచు ఇంకా చిక్కబడింది. డాఫ్నీ విమానం ఆలస్యంగా దిగింది. మార్లిస్ ఆవిడకి కాఫీ ఇచ్చింది, బార్లనే తీపి బిళ్ళలు పెట్టింది, మళ్ళీ కాఫీ ఇచ్చింది. ఎలాగో ధైర్యం తెచ్చుకుని, "ఆర్విడ్ గారి గురించి మీకో మాట చెప్పాలి" అని మొదలుపెట్టింది.

"తెలుసు, ఎక్కువ మాట్లాడరు."

"అవును. ఈమధ్య మరీ తగ్గించారు."

"అలాంటివాళ్ళని చాలామందిని చూశాను," అంటూ డాఫ్నీ లేచి, మార్లిస్, రోరీ వారించేలోపే చివరి గదిలోకి నడిచింది. రోరీ పరుగెత్తి గుమ్మంలో ఆగిపోయాడు. ఆవిడ అప్పటికే కుర్చీ వెనకాల కూర్చుని మాట్లాడుతోంది.

"ఇటు తిరగరన్నమాట. సరే, మీ పద్ధతి మీది. ఇదే నా చివరి మాట." ఆవిడ ధర చెప్పింది.

నిశ్శబ్దం. దూరంగా ఓడరేవులో మంచు హెచ్చరిక కూత దీర్ఘంగా వినిపించి ఆగింది. అప్పుడు, రోరీ కళ్ళముందే, కుర్చీ బొటనవేలంత మేర పక్కకు తిరిగింది. డాఫ్నీ నుదుట చెమట పట్టింది. మరో మాట లేకుండా ఇంకా పెంచింది. కుర్చీ మళ్ళీ యథాస్థానానికి వచ్చింది.

"సరే మరి," అంది గుమ్మంలో మార్లిస్, నీరసంగా. ఆర్విడ్ తరవాత సంతకం ఆమెదే కాబట్టి బేరం అక్కడితో ఖాయమైంది.

నడవాలోకి వచ్చి డాఫ్నీ ఫోన్ తీసి న్యూయార్క్‌కి సందేశం పంపింది. పంపుతూ పైకే చదివింది. "ఆర్విడ్‌తో ముఖాముఖి తేల్చాను. కళ్ళలోకి కళ్ళు పెట్టి ఒప్పించాను." తరవాత రోరీ భుజం తట్టింది. "నన్నిలా ఎవరూ వణికించలేదు. అలాంటివాడి దగ్గర నేర్చుకున్నావు, నువ్వు మా బ్యాంకులో ఉండాల్సినవాడివి. చదువవగానే వచ్చేయ్."

కలలుగన్న మాట అది. కానీ రోరీకి అబద్ధం మీద కట్టుకున్న ఉద్యోగంలో రోజూ ఆ కుర్చీ కనిపిస్తుందనిపించింది.

"మేడమ్, ఆ కుర్చీలో ఎవరూ లేరు. ఆయన ఫిబ్రవరిలో చనిపోయారు. నేను మొదట తెలీక, తరవాత భయంతో చెప్పలేదు. ఉద్యోగం ఇవ్వకపోయినా ఫరవాలేదు," అన్నాడు. ఫరవాలేదన్నాడు గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

డాఫ్నీ గదిలోకి వెళ్ళి, కుర్చీ చుట్టూ తిరిగి చూసి, తలుపు జాగ్రత్తగా మూసి వచ్చింది. తన ఫోన్ తీసి చూసుకుంది. అందులో అప్పుడే న్యూయార్క్ నుంచి పెద్దల అభినందనలు వచ్చి పడుతున్నాయి.

"కళ్ళలోకి కళ్ళు పెట్టి అని రాశాను," అంది చివరికి.

"అవును మేడమ్."

"నువ్వు నాకేమీ చెప్పలేదు. నేనేమీ వినలేదు."

"మరి... ఉద్యోగం?"

"ఇప్పుడు నిన్ను వేరే బ్యాంకుకి ఎలా పోనిస్తాననుకున్నావు?"

చేర్చుకునేముందు పాత పై అధికారి దగ్గర వాకబు చేయడం బ్యాంకులో నియమం. దరఖాస్తు చేరిన వారంలోనే అక్కడివాళ్ళు ఆర్విడ్ గారి గదికి ఫోన్ చేశారు. ఎత్తింది ఎవరో మార్లిస్‌కి తెలీదు, మాకెవరికీ తెలీదు. ఎత్తినవారు మాత్రం రోరీకి వ్యతిరేకంగా ఒక్క మాట కూడా అనలేదట.